కొట్టిన ధాన్యం లెక్క ఫైల్లో మిగలట్లేదు (పైథాన్, ఇన్‌పుట్, ఫైళ్లు)

ఇందుకూరుపేట బీకాం
అందరికీ నమస్తే. బీకాం కంప్యూటర్స్ చదవతా ఉండాను. మా నాయన చుట్టుపక్కల ఊళ్లలో ధాన్యం కొని మిల్లుకు తోలతాడు. లెక్కంతా పొడుగు పుస్తకంలోనే. కాలేజీలో పైథాన్ మొదలుపెట్టారు గదా, ఆ లెక్కనే ప్రోగ్రాంగా రాద్దామని కూర్చున్నా. రైతు పేరు, ఊరు, ఎన్ని పుట్లు అని అడగాల. పుట్టికి 850 కిలోల లెక్కన కిలోలు కట్టి ఫైల్లో ఒక వరస రాయాల. అంతే.

పుట్లు 2 అని కొడితే 1700 రావాల గదా, స్క్రీన్ నిండా 2222 అని రెండ్లు వస్తా ఉండాయి. ఫైల్ తెరిస్తే ఆఖర్న కొట్టిన రైతు ఒక్కడే ఉంటాడు, ముందరోళ్లు లేరు. ఇంకోటి, పేరు ఇంగ్లీషులో కొడితే బానే ఉంది, తెలుగులో కొడితే 'యూనికోడ్ఎన్‌కోడ్ఎర్రర్, చార్‌మ్యాప్' అని ఎర్రక్షరాలు. విండోస్ ల్యాప్‌టాప్. కోడ్ చిన్నదే: ఇన్‌పుట్‌తో అడగడం, ఓపెన్‌లో 'డబ్ల్యూ' పెట్టడం, రైట్, క్లోజ్.

మార్కాపురం పలక
'డబ్ల్యూ' అంటే పలక తుడిచి రాయడం. మా ఊరి సరుకే. 'ఏ' పెట్టు.

ఒంగోలు ల్యాబ్ మాస్టారు
పైన చెప్పింది నిజమే, ఇంకొంచెం వివరంగా చెబుతా. 'డబ్ల్యూ' మోడ్‌లో ఫైల్ ఖాళీ అయ్యేది నువ్వు రైట్ చేసినప్పుడు కాదమ్మా, ఓపెన్ చేసిన క్షణంలోనే. ఆ తర్వాతి లైన్లో ఎర్రర్ వచ్చి ప్రోగ్రాం ఆగిపోయినా పాత లెక్క పోయినట్టే. నీకు జరిగింది చూడు: తెలుగు పేరు దగ్గర ఎర్రర్ వచ్చింది, అప్పటికే ఫైల్ ఖాళీ. 'ఏ' అయితే ఉన్నదాని చివర కలుపుతుంది, ఫైల్ లేకపోతే కొత్తది చేస్తుంది. 'ఎక్స్' అని ఇంకో మోడ్ ఉంది, ఫైల్ ముందే ఉంటే తెరవనని మొండికేస్తుంది. కొత్త సీజనుకు కొత్త ఫైల్ మొదలుపెట్టేటప్పుడు పాతదాన్ని పొరపాటున తుడిచెయ్యకుండా అది పనికొస్తుంది.

ఇక రెండ్ల సంగతి. పైథాన్ 3లో ఇన్‌పుట్ ఏది తెచ్చినా స్ట్రింగ్‌గానే తెస్తుంది. నువ్వు కొట్టిన 2 దానికి అంకె కాదు, అక్షరం. స్ట్రింగ్‌ని 850తో గుణిస్తే పైథాన్ తప్పనదు, ఆ అక్షరాన్ని 850 సార్లు పక్కపక్కన పేరుస్తుంది. ఎర్రర్ రాలేదు కాబట్టి ప్రోగ్రాం బాగుందనుకునే ప్రమాదం ఇక్కడే. రెండు ఇన్‌పుట్‌లు కూడితే 10, 12 కలిసి 1012 అయ్యేదీ ఇదే కారణంతో. ముందు ఇంట్‌గానో (పూర్తి అంకె) ఫ్లోట్‌గానో (చుక్క ఉన్న అంకె) మార్చుకోవాలి. పుట్లలో అరలు, పాతికలు వస్తాయి కాబట్టి నీకు ఫ్లోట్. 2.5 అని కొట్టినదాన్ని నేరుగా ఇంట్‌కి ఇస్తే వేల్యూఎర్రర్ వస్తుంది.

కందుకూరు కోడర్
మూడోదానికి నేను చెప్తా. ఓపెన్‌లో ఎన్‌కోడింగ్ అని ఒక మాట చేర్చి 'యూటీఎఫ్-8' అని రాయి, అయిపోద్ది. చెప్పకపోతే పైథాన్ విండోస్‌ని అడుగుద్ది, విండోస్ తన పాత కోడ్‌పేజీ, అంటే అక్షరాల పట్టిక చూపిద్ది. అందులో మొత్తం 256 గళ్లు, తెలుగుకు ఒక్కటీ లేదు. అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు, 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా. యూటీఎఫ్-8లో వాటిల్లో ఒక్కోటి మూడు బైట్లు. 'నెల్లూరు' చూడ్డానికి మూడు అక్షరాలు, పైథాన్‌లో లెన్ (పొడుగు) అడిగితే 8, ఫైల్లో 24 బైట్లు. గుణింతం, వత్తు, పొల్లు అన్నీ విడివిడిగా లెక్కలోకొస్తాయి. కాబట్టి లెన్ చూసి 'పేరు పది అక్షరాలు దాటకూడదు' లాంటి రూల్స్ పెట్టబాక.

రాసేటప్పుడే కాదు, చదివేటప్పుడు కూడా అదే ఎన్‌కోడింగ్ చెప్పాలి. ఒకచోట చెప్పి ఇంకోచోట మర్చిపోతే పేర్లన్నీ 'à°' లాంటి పురుగులు పట్టిన అక్షరాలయి కనిపిస్తాయి.

బ్లూ స్క్రీన్ బాబాయ్
మీకు ఇంత సుఖం ఎక్కువైపోయింది. మేం టర్బో సీ నీలం తెర మీద నేర్చుకున్నాం. స్కాన్‌ఎఫ్‌తో వయసు అడిగి, వెంటనే గెట్స్‌తో పేరు అడిగితే పేరు అడక్కుండానే దాటేసేది. అంకె తర్వాత కొట్టిన ఎంటర్ బఫర్‌లో మిగిలిపోయి, అదే పేరు అనుకునేది. జావా నేర్చుకునే పిల్లకాయలకి ఇప్పటికీ ఇదే తంటా: నెక్స్ట్‌ఇంట్ తర్వాత నెక్స్ట్‌లైన్ పెడితే ఖాళీ వస్తుంది. మధ్యలో ఒక ఉత్త నెక్స్ట్‌లైన్ పెట్టి ఆ మిగిలిన ఎంటర్‌ని మింగించాల. లేదా అన్నీ లైన్లుగానే చదివి తర్వాత అంకెలుగా మార్చుకోవాల. నేను రెండోదే చెప్తా.

సీ నేర్చుకోకుండా ఇన్‌పుట్ అంటే ఏందో తెలవదు అనేది నా మాట.

కందుకూరు కోడర్
బాబాయ్, ఆ గెట్స్‌నే 2011 సీ ప్రమాణంలోంచి తీసేశారు. 1988 నవంబరులో వచ్చిన మోరిస్ వార్మ్ (తనంతట తానే పాకే వైరస్ లాంటిది) యూనిక్స్ మెషిన్లలోకి దూరిన దార్లలో ఒకటి ఫింగర్ సర్వీసులో ఈ గెట్సే. ఎంత పొడుగు లైను వచ్చినా ఆపకుండా రాసుకుంటూ పోవడం దాని గుణం. పక్క మెమరీ ఎవరిదో దానికి పట్టదు. ఎఫ్‌గెట్స్ వాడండి, ఎంత సైజో అడుగుద్ది.

బ్లూ స్క్రీన్ బాబాయ్
తెలుసులేవయ్యా. ఎఫ్‌గెట్సే వాడతన్నా.

ఇందుకూరుపేట బీకాం
అందరికీ చాలా థ్యాంక్స్. 'ఏ' పెట్టా, ఎన్‌కోడింగ్ పెట్టా, ఫ్లోట్ పెట్టా. మూడూ సరిపోయాయి. మా నాయన్ని కూర్చోబెట్టి కొట్టమన్నా. ఆయన పుట్లు దగ్గర '2 పుట్లు' అని కొట్టాడు. వేల్యూఎర్రర్, ప్రోగ్రాం బయటికొచ్చేసింది. అంతకుముందు కొట్టిన పేరు, ఊరు మళ్లీ కొట్టాల్సొచ్చింది. 'ఇంతకంటే పుస్తకమే మేలు గదమ్మా' అని లేచిపోయాడు.

కావలి అక్కయ్య
చెల్లీ, మీ నాయన తప్పేం లేదు. నేను రైస్‌మిల్లులో కాటా దగ్గర ఎంట్రీ కొడతా, కోడింగ్ కొంచెం సొంతంగా నేర్చుకున్నా. మనుషులు ఏం కొడతారో చెప్తా విను. '2 పుట్లు' కొడతారు. '2పు' కొడతారు. ఏం కొట్టకుండా ఎంటర్ కొడతారు, ఎందుకంటే ముందు గడిలో ఎంటర్ రెండుసార్లు పడుద్ది. నమ్‌లాక్ ఆరిపోయి ఉంటే అంకె పడదు, కర్సర్ జరుగుద్ది, అది గమనించకుండా ఎంటర్. చుక్క పక్కనే కామా ఉంటుంది గదా, 2.5 కొట్టబోయి '2,5' కొడతారు. '1/2' అని కొట్టేవాళ్లూ ఉన్నారు. పేరు గడిలో అంకె, అంకె గడిలో పేరు రోజుకొకసారి తప్పదు.

వాళ్లు తప్పు కొట్టినప్పుడు ప్రోగ్రాం చచ్చిపోకూడదు, ఆ ఒక్క ప్రశ్నే మళ్లీ అడగాల. 'వేల్యూఎర్రర్' అని కాకుండా మనిషికి అర్థమయ్యేటట్టు అడగాల.

ఒంగోలు ల్యాబ్ మాస్టారు
అక్కయ్య గారు చెప్పింది ట్రై-ఎక్సెప్ట్ పాఠం మొత్తం. అమ్మా, ఇట్లా రాయి. ఇక్కడ అర్థం కావడానికి తెలుగు లిపిలో పెడుతున్నా, కీవర్డులు, ఫంక్షన్ల పేర్లు నువ్వు ఇంగ్లీషులో కొట్టుకో:

వైల్ ట్రూ:
    రాసింది = ఇన్‌పుట్("ఎన్ని పుట్లు? ")
    ట్రై:
        పుట్లు = ఫ్లోట్(రాసింది)
    ఎక్సెప్ట్ వేల్యూఎర్రర్:
        ప్రింట్("అంకె ఒక్కటే కొట్టండి. రెండున్నర అయితే 2.5")
        కంటిన్యూ
    ఇఫ్ 0 < పుట్లు < 200:
        బ్రేక్
    ప్రింట్("లెక్క మరీ తేడాగా ఉంది, మళ్లీ కొట్టండి")

రాసింది, పుట్లు అనే వేరియబుల్ పేర్లు మాత్రం తెలుగులోనే ఉంచినా పైథాన్ 3 ఒప్పుకుంటుంది. కాలేజీ రికార్డులో అట్లా రాస్తే సంతకం పెట్టే సార్ ఒప్పుకుంటారో లేదో నీ అదృష్టం.

ట్రైలో ఒక్క ఫ్లోట్ లైనే ఉంది గమనించు. ప్రోగ్రాం మొత్తం ట్రైలో పెట్టి, కింద ఉత్త ఎక్సెప్ట్ పెట్టి 'పాస్' అని రాసే అలవాటు పిల్లల్లో బాగా ఉంది. అప్పుడు ఫైల్ పేరులో తప్పున్నా, డిస్క్ నిండినా, ఏం జరిగినా నోరెత్తదు. లెక్క ఎక్కలేదన్న సంగతి సీజను చివర తెలుస్తుంది.

ఆఖరి ఇఫ్ ఎందుకంటే, ఫ్లోట్‌కి 'ఎన్ఏఎన్' (అంకె కాదు అని అర్థం) అని కొట్టినా ఒప్పుకుంటుంది, 'ఐఎన్ఎఫ్' అన్నా అనంతం అని తీసుకుంటుంది. 'సున్నా కంటే తక్కువైతే వద్దు' అని రాస్తే ఎన్ఏఎన్ తప్పించుకుని లోపలికి పోతుంది, దాన్ని దేనితో ఎక్కువా, తక్కువా అని పోల్చినా జవాబు ఫాల్సే కాబట్టి. 'ఈ రెండింటి మధ్య ఉంటేనే రా' అని రాస్తే అది బయటే ఆగుతుంది. 200 అన్నది నా అంచనా, మీ నాయన్ని అడిగి పెట్టుకో.

కందుకూరు కోడర్
దీనికి ఒక లైన్ చేర్చొచ్చు సార్. ఫ్లోట్‌కి ఇచ్చే ముందే రీప్లేస్‌తో కామాలు తీసేస్తే '1,700' అని కొట్టినా పనిచేస్తుంది. వాడేవాళ్లని ఎన్నిసార్లు విసిగిస్తాం.

కావలి అక్కయ్య
వద్దు తమ్ముడూ. ఇందాకే చెప్పాగా, పుట్లు గడిలో కామా పడిందంటే అది 2.5కి బదులు పడిన '2,5'. నువ్వు కామా తీస్తే 25 పుట్లు అవుద్ది. 200 లోపే ఉంది కాబట్టి సార్ గీసిన గీత కూడా దాన్ని ఆపదు. రైతుకి రెండున్నర పుట్ల డబ్బులివ్వాల్సింది 25 పుట్లకి ఇస్తారు. అంటే 2125 కిలోలకి బదులు 21,250 కిలోలు. రూపాయల గడిలో కామా తియ్యి, ఎవరూ అడ్డు చెప్పరు. బరువు గడిలో ఊహించుకోవద్దు, మళ్లీ అడుగు.

కందుకూరు కోడర్
కరెక్టే. బరువుకి తీయబాక.

మార్కాపురం పలక
ఇజ్‌డిజిట్‌తో చెక్ చెయ్యమని యూట్యూబ్‌లో చెప్తారు, దాన్ని నమ్మొద్దు. '2.5'ని ఇజ్‌డిజిట్ కాదంటుంది. వర్గం గుర్తుగా పైన వేసే చిన్న 2 ఉంటుందే, దాన్ని మాత్రం అవునంటుంది, తీరా ఇంట్‌కి ఇస్తే ఎర్రర్. ఇంకో తమాషా: తెలుగు అంకెల్లో ౨.౫ అని కొడితే ఫ్లోట్ శుభ్రంగా 2.5 అని తీసుకుంటుంది. నమ్మకపోతే కొట్టి చూడండి.

పొదిలి పొగాకు
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు. మాది పొగాకు, బేళ్ల లెక్క ఇట్టాంటిదే రాసుకుంటన్నా. నాకు ఫైలే తెరుచుకోవట్లా. సీ డ్రైవ్‌లో టుబాకో అనే ఫోల్డర్, లోపల న్యూ అనే ఫైలు, రెండూ ఇంగ్లీషులో. పాత్ మొత్తం కొట్టా, కళ్ల ముందే ఫైల్ ఉంది, ఇది తెరవనంటది.

కందుకూరు కోడర్
పొదిలి అన్నా, బ్యాక్‌స్లాష్ పక్కన ఇంగ్లీషు టీ వస్తే పైథాన్ దాన్ని ట్యాబ్ అనుకుంటుంది, ఎన్ వస్తే కొత్త లైను అనుకుంటుంది. నీ ఫోల్డర్ టీతో, ఫైల్ ఎన్‌తో మొదలు, రెండూ దొరికిపోయాయి. కొటేషన్ ముందు చిన్న 'ఆర్' పెట్టు, లేదా స్లాష్‌లన్నీ ముందుకు వాలేవి వాడు, విండోస్‌లోనూ పనిచేస్తాయి. యూజర్స్ ఫోల్డర్‌లో పెట్టుకున్నవాళ్లకైతే బ్యాక్‌స్లాష్ పక్కన పెద్ద యూ వచ్చి ప్రోగ్రాం మొదలే కాదు, సింటాక్స్‌ఎర్రర్.

అప్పటికీ ఫైల్ లేదంటే ఎక్స్‌ప్లోరర్‌లో ఫైల్ ఎక్స్‌టెన్షన్లు కనపడేటట్టు చేసి చూడు. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసినప్పుడు మనం కూడా చివర టీఎక్స్‌టీ కొడితే కొన్నిసార్లు రెండు తోకలతో సేవ్ అవుద్ది, విండోస్ ఒకటి దాచిపెట్టుద్ది.

ఒంగోలు ల్యాబ్ మాస్టారు
ఉత్త ఫైల్ పేరు ఇచ్చినప్పుడు కూడా ఫైల్ లేదనే ఎర్రర్ వస్తుంది, అక్కడ కారణం వేరు. పైథాన్ ఆ ఫైల్‌ని నీ ప్రోగ్రాం పక్కన వెతకదు, ఆ సమయంలో ఏ ఫోల్డర్‌లో నిలబడి ఉందో అక్కడ వెతుకుతుంది. పైథాన్‌తో వచ్చే ఎడిటర్ ఐడిల్‌లో ఎఫ్5 కొడితే ప్రోగ్రాం ఉన్న ఫోల్డరే. వీఎస్ కోడ్‌లో సాధారణంగా నువ్వు తెరిచిన పై ఫోల్డర్. ల్యాబ్‌లో పనిచేసిన ప్రోగ్రాం ఇంట్లో పనిచెయ్యలేదని పిల్లలు వచ్చేది ఎక్కువగా ఇందుకే. ఓఎస్ మాడ్యూల్లో గెట్‌సీడబ్ల్యూడీ ప్రింట్ చేయించి చూడండి, తెలిసిపోతుంది.

పొదిలి పొగాకు
ఆర్ పెట్టా, తెరుచుకుంది. ఇంకొక్కటి. బేలు నంబరు 0047 అని కొడితే ఫైల్లో 47 అని పడతంది.

కావలి అక్కయ్య
దాన్ని ఇంట్ చెయ్యబాకన్నా. బేలు నంబరుని మనం కూడం, గుణించం. ఫోను నంబరు, ఆధార్, బేలు నంబరు, ఇవన్నీ స్ట్రింగ్‌గానే ఉంచాల. ఎక్సెల్ కూడా ముందు సున్నాలు మింగేసుద్ది, అక్కడ తెరిచేటప్పుడు ఆ కాలమ్‌ని టెక్స్ట్ అని చెప్పు.

ఇందుకూరుపేట బీకాం
అక్కా, మాస్టారూ, లూప్ పెట్టినాక నాయన పదిమంది రైతుల్ని ఆగకుండా కొట్టాడు. ఇప్పుడు ఒక్కో రైతుకి మొత్తం ఎన్ని కిలోలు వచ్చిందో తీద్దామని ఫైల్ చదివి పేరుతో పోలుస్తా ఉంటే కలవడం లేదు. మైపాడు రైతుల్ని తియ్యమంటే వాళ్లు రారు. ప్రింట్ చేస్తే అక్షరం తేడా లేదు! అన్నీ 'మైపాడు' అనే ఉండాయి. వరసలో పేరు, పుట్లు, ఊరు కామాలతో విడదీశా, ఊరు ఆఖర్న ఉంది.

మార్కాపురం పలక
ప్రింట్ కాదు, రెప్ర్‌తో ప్రింట్ చెయ్. ఊరి తోకన బ్యాక్‌స్లాష్-ఎన్ కనపడుద్ది. లైను చదివితే కొత్త లైను గుర్తు కూడా వెంట వస్తుంది. స్ట్రిప్ చెయ్.

ఇందుకూరుపేట బీకాం
ఉంది, తీసేశా. ఇప్పుడు ఎక్కువమంది వచ్చారు. అయినా ఇద్దరు రాలేదు. వాళ్లవి మా తమ్ముడు ఫోన్‌లో కొట్టి పంపితే కాపీ చేసినవి.

కందుకూరు కోడర్
ఆసక్తిగా ఉంది. 'మైపాడు' లెన్ ఎంతొస్తుందో ఆ ఇద్దరికీ, మిగతావాళ్లకీ విడివిడిగా చూసి చెప్పు.

ఇందుకూరుపేట బీకాం
మిగతావాళ్లకి 6. వాళ్లిద్దరికీ 7.

కందుకూరు కోడర్
ఐత్వం దగ్గర దొరికింది. యూనికోడ్‌లో 'ై' ఒకే గుర్తుగా రాయొచ్చు, 0సీ48. లేదా ఎత్వం 0సీ46 పెట్టి దాని కింద ఐత్వపు తోక 0సీ56 విడిగా పెట్టొచ్చు. తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి, పైథాన్‌కి మాత్రం వేరు. ఏ కీబోర్డో, ఏ యాపో విడగొట్టి పంపింది. యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లో నార్మలైజ్ అనే ఫంక్షన్ ఉంటుంది, 'ఎన్ఎఫ్‌సీ' అని ఇస్తే రెంటినీ ఒకే రూపానికి తెస్తుంది. ఇన్‌పుట్ తీసుకోగానే స్ట్రిప్, నార్మలైజ్ రెండూ చేసి అప్పుడు ఫైల్లోకి పంపు. ఒకవేళ తేడా అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనపడని జడ్‌డబ్ల్యూఎన్‌జే గుర్తు అయితే నార్మలైజ్ దాన్ని తియ్యదు, రీప్లేస్‌తో నువ్వే తీసుకోవాలి.

కావలి అక్కయ్య
అసలు పేరుతో పోల్చొద్దు చెల్లీ. ఒకాయన్నే ఒకరోజు రమణయ్య అంటారు, ఇంకోరోజు రవణయ్య అని కొడతారు. నెల్లూరు జిల్లాలో పెంచలయ్యలు ఒక్క ఊళ్లోనే ఎంతమందో నీకు తెలీదా. ప్రతి రైతుకి ఒక నంబరు ఇవ్వు, పేర్లు, ఊర్లు వేరే ఫైల్లో ఒక్కసారే రాసుకో. రోజూ నంబరు కొట్టగానే పేరు తెర మీద చూపించి 'ఈయనేనా?' అని అడుగు. మిల్లులో మేం చేసేది అదే.

రైతు పేరుతో ఒక్కో ఫైల్ చేద్దామని ఆలోచన వస్తే అదీ మానుకో. పేరు మధ్యలో 'సన్నాఫ్' కోసం గీత గీసి రాస్తారు, స్లాష్ పడితే కంప్యూటరు దాన్ని ఫోల్డర్ అనుకుంటుంది.

ఒంగోలు ల్యాబ్ మాస్టారు
కామాలతో నువ్వే విడదీస్తున్నానన్నావు. 'పెంచలయ్య, కొత్తవాడు' అని కామాతో పేరు కొట్టిన రోజు గళ్లన్నీ పక్కకు జరుగుతాయి. కామాలతో విడదీసే ఫైళ్ల కోసం సీఎస్‌వీ మాడ్యూల్ పైథాన్‌తోనే వస్తుంది, కామా ఉన్న పేరుకి కొటేషన్లు అదే వేసుకుంటుంది. విండోస్‌లో ఓపెన్ చేసేటప్పుడు న్యూలైన్ అనే మాటకి ఖాళీ స్ట్రింగ్ ఇవ్వు, లేకపోతే వరసకీ వరసకీ మధ్య ఖాళీ గీతలొస్తాయి. ఎక్సెల్‌లో తెలుగు సరిగ్గా కనిపించాలంటే ఎన్‌కోడింగ్ 'యూటీఎఫ్-8-సిగ్' పెట్టు. చదివేటప్పుడూ అదే పెట్టాలి, లేదంటే మొదటి కాలమ్ పేరుకి కనపడని గుర్తొకటి అంటుకుని కీఎర్రర్ వస్తుంది.

ఇంకొకటి. ఇంట్ బదులు 'ఎవల్' వాడమని పాత రికార్డుల్లో ఉంటుంది. పైథాన్ 2లో ఇన్‌పుట్ లోపల ఎవల్ చేసేది, ఆ అలవాటు మిగిలిపోయింది. పైథాన్ 3 వచ్చింది 2008లో, 2కి సాయం ఆగిపోయింది 2020 జనవరి 1న. ఎవల్ అంటే ఎవరు ఏం కొడితే అది నీ కంప్యూటర్లో నడుస్తుంది, ఫైళ్లు తీసేసే కమాండైనా సరే. వాడొద్దు.

పొదిలి పొగాకు
సారూ, కరెంటు పోతే? మాకు వేళకి ఉండదు. ల్యాప్‌టాప్ బ్యాటరీ కూడా పోయింది.

ఒంగోలు ల్యాబ్ మాస్టారు
రైట్ అనగానే అది డిస్క్ మీద పడదు, కాసేపు మెమరీలో ఆగుతుంది. పొద్దున్నే ఫైల్ తెరిచి సాయంత్రం మూసే పద్ధతైతే మధ్యాహ్నం కరెంటు పోతే కొన్ని వరసలు పోతాయి. ఒక్కో బేలుకి 'విత్ ఓపెన్' అని తెరిచి ఒక వరస రాసి బయటికొచ్చెయ్యండి, విత్ దానంతటదే మూస్తుంది. మీ సరుకుకి ఆ ఆలస్యం తెలియను కూడా తెలియదు.

పాత వరస దిద్దాలంటే మాత్రం ఉన్న ఫైల్ మీదే 'డబ్ల్యూ' పెట్టి రాయొద్దు. పక్కన తాత్కాలిక ఫైల్లో మొత్తం రాసి, మూసి, అప్పుడు ఓఎస్ డాట్ రీప్లేస్‌తో పేరు మార్చండి. మధ్యలో కరెంటు పోతే పాత ఫైల్ అట్లాగే ఉంటుంది.

బ్లూ స్క్రీన్ బాబాయ్
ఇదొక్కటి సీలో అయినా అంతే. సార్‌తో ఏకీభవిస్తన్నా.

ఇందుకూరుపేట బీకాం
నంబర్లు ఇచ్చేశా అక్కా, సీఎస్‌వీకి మార్చా. మైపాడు మొత్తం సరిపోయింది, పుస్తకంతో కూడి చూసుకున్నా. ఇప్పుడు నాయన కాటా దగ్గర ఒక ల్యాప్‌టాప్, ఇంట్లో నా ల్యాప్‌టాప్, రెండిట్లో ఒకేసారి కొడదామంటాడు. ఒకే ఫైల్‌ని పంచుకోవచ్చా?

కందుకూరు కోడర్
సీఎస్‌వీని ఇద్దరు ఒకేసారి రాస్తే వరసలు కలగాపులగం అవుతాయి, ఒకరిది ఇంకొకరు తుడిచేస్తారు. ఒక్క మెషిన్‌లోనే అయితే ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ చాలు, 2.5 వెర్షన్ నుంచి పైథాన్‌లోనే ఉంది, ఏమీ ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు. రెండు మెషిన్లంటే నెట్‌వర్క్ ఫోల్డర్లో దాన్ని పెట్టడం కూడా మంచిది కాదు, లాకింగ్ సరిగా పనిచెయ్యదు. ఇప్పటికి ఇద్దరూ వేరే ఫైళ్లలో కొట్టండి, వరసలో ఎవరు కొట్టారో ఒక గడి పెట్టు, రాత్రికి రెండూ చదివి కలిపే చిన్న ప్రోగ్రాం రాయి. అది కుదిరినాక డేటాబేస్ సంగతి కొత్త పోస్టుగా పెట్టు, అక్కడ చూద్దాం.

కావలి అక్కయ్య
పెట్టేటప్పుడు తెలుగులో చీటీ ప్రింటు తియ్యడం గురించి కూడా అడుగు చెల్లీ. మా మిల్లులో చిన్న ప్రింటరు మీద తెలుగు చీటీ ఇంతవరకూ రాలా, నాకూ కావాల.